విరిగిన ముక్క పారెయ్యకు

అల్లుడూ,

సుంకి ఘాటీలో నీ వ్యాను వెనక చక్రాన్ని తిప్పే షాఫ్టు విరిగిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. క్యాబేజీ బస్తాలు పోతే పోయాయి, నువ్వు దక్కావు. షాఫ్టే బండి బరువు మోసే సెమీ ఫ్లోటింగ్ ఇరుసు పీకేసి, లారీలకుండే ఫుల్ ఫ్లోటింగ్ వేయిస్తానంటున్నావట. సాలూరులో ఎవరో పాత ఇరుసు చూపించి బయానా అడిగారట. బయానా ఇవ్వకు. ముందు ఇది చదువు.

విరిగిన షాఫ్టు ముక్క ఎక్కడుంది? పాత ఇనుం వాడికి తూకానికి వేసెయ్యకు. విరిగిన చోటు డీజిల్‌తో కడిగి ఎండలో పెట్టి చూడు. ఎక్కువ భాగం నున్నగా నల్లబారి, కోసిన మొద్దులో వలయాల్లాగ గీతలుండి, ఒక మూల మాత్రం పంచదార పలుకుల్లా గరుగ్గా మెరుస్తుంటే అది మొన్న విరిగింది కాదు. ఎన్నాళ్ళ నుంచో పగులు పాకుతూ వచ్చింది. ఆ మూల మీదే నువ్వు ఇన్నాళ్ళూ ఘాటీ ఎక్కి దిగావన్నమాట. అలాక్కాక మొత్తం గరుగ్గానే ఉంటే, లేదా తువ్వాలు పిండినట్టు మెలి తిరిగి ఉంటే, ఒక్క కుదుపుకి తెగింది. బురదలో దిగబడి క్లచ్ టక్కున వదిలావేమో గుర్తు చేసుకో. మొదటిదైతే ఇరుసు మార్చడంలో అర్థముంది. రెండోదైతే మార్చాల్సింది నీ ఎడమ కాలు.

సెమీ ఫ్లోటింగులో షాఫ్టుకి రెండు చాకిరీలు. చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ మొయ్యాలి. హౌసింగ్, అంటే ఇరుసు గొట్టం, దాని చివర ఒక బేరింగు, దాని బయటికి షాఫ్టు, ఆ షాఫ్టు తలకే చక్రం. నేల చక్రాన్ని పైకి తోస్తుంటే షాఫ్టు కింది పక్క సాగుతుంది, పై పక్క నలుగుతుంది. అర చుట్టు తిరిగేసరికి సాగినది నలగాలి, నలిగినది సాగాలి. నీ చక్రం ఒక చుట్టుకి రెండున్నర మీటర్లు కూడా పోదు. అంటే కిలోమీటరుకి 400 సార్లకి పైగానే ఈ వంపు. పొట్టంగి నుంచి సాలూరు వెళ్ళొచ్చేసరికి ఎన్నో నువ్వే లెక్కేసుకో. పైన ఓవర్‌లోడు.

ఫుల్ ఫ్లోటింగులో చక్రం బిగించే హబ్ నేరుగా హౌసింగ్ కొన మీద, రెండు టేపర్ బేరింగుల మీద కూచుంటుంది. బరువు హౌసింగుది, షాఫ్టు ఊరికే తిప్పుతుంది. చక్రం మధ్యలోంచి హబ్ పొడుచుకొచ్చి చుట్టూ బోల్టులతో మూతలా కనబడుతుందే, లారీలకి, అదే. కోరాపుట్ జిల్లా జైపూర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డుకి యుద్ధకాలపు విల్లీస్ జీపు ఒకటి వచ్చేది. అంత చిన్న బండికీ వెనక ఫుల్ ఫ్లోటింగే. తర్వాత మామూలు జనానికి అమ్మిన జీపులకి సెమీ వేశారు. చవక కదా.

నాకు జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మ భయపడుతుందని. అదే ఘాటీ దిగుతున్నాను, అల్లం లోడు. అద్దంలో చూస్తే ఎడమ వెనక చక్రం బాడీ బయటికి జానెడు వచ్చేసి ఉంది, షాఫ్టుతో సహా. డ్రమ్ము షూల మీంచి జారిపోయింది, వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి దూకాయి, బ్రేక్ ఆయిల్ అంతా రోడ్డు పాలు. పాత బండి, ముందూ వెనకా ఒకటే లైను. పెడల్ నొక్కితే నేలకి తగిలింది. రెండో గేరులోకి లాగాను, పట్టలేదు. ఒక షాఫ్టు లేకపోతే, రెండు షాఫ్టులకీ శక్తి పంచే డిఫరెన్షియల్ ఖాళీ వైపే తిప్పుతుంది, ఇంజను ఎంత బిగపట్టినా రెండో చక్రానికి అందదు. కొండ వైపు రాసుకుంటూ ఆపాను. కారణం ఏటంటే, అంతకు ముందు నెల ఒక షెడ్డులో బేరింగు మార్చినప్పుడు, దాన్ని షాఫ్టు మీద పట్టి ఉంచే కాలరు కొత్తది వెయ్యకుండా పాతదే గ్యాసుతో వేడి చేసి సుత్తితో దిగ్గొట్టారు. నువ్వు సెమీతోనే ఉండిపోయినా సరే, కాలరు కొత్తదే వెయ్యాలి, ప్రెస్ మీదే ఎక్కించాలి.

ఫుల్ ఫ్లోటింగులో షాఫ్టు తెగినా చక్రం ఎక్కడికీ పోదు, బ్రేకు ఉంటుంది. కానీ గేరు పట్టు మాత్రం పోతుంది. వాలులో బండి గేరులో పెట్టి షాఫ్టు లాగావో, బండి కదిలిపోతుంది. మొదట చక్రాల కింద రాళ్ళు, తర్వాతే స్పానరు.

ఇరుసు మారిందని లోడు పెంచుదామనుకుంటే ఆ ఆలోచన ఒగ్గేయ్. కమానులు అవే, ఛాసిస్ అదే, బ్రేకులు అవే, ఆర్సీలో రాసిన బరువూ అదే. ఇరుసు మాత్రం బరువెక్కుతుంది, ఖాళీ బండి ఇదివరకటి కన్నా ఎగురుతుంది. ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన వివరాలు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. గ్యాస్ కట్టరు పట్టుకోక ముందే కోరాపుట్ ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి అడుగు. తర్వాత యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు చూసేది ఇదే.

ఇక ఆ సాలూరు ఇరుసు. లారీల ఊరు, ఇరుసులకి కొదవ లేదు, నీ కొలతది దొరకడమే కష్టం. టేపు పట్టుకెళ్ళు. ఈ హబ్ ముఖం నుంచి ఆ హబ్ ముఖం దాకా ఎంత, కమాను సీట్ల మధ్య ఎంత, స్టడ్లు ఎన్ని, వాటి వలయం ఎంత, హ్యాండ్ బ్రేకు కేబులు ఎటు నుంచి వస్తుంది, అన్నీ రాసుకో. డబుల్ టైర్ల ఇరుసు చవగ్గా ఇస్తానంటే వద్దను. దాని హబ్ జంట చక్రాలకి చేసింది, నీ సింగిల్ టైరు దాని మీద ఉండాల్సిన చోట కూచోదు.

పళ్ళ లెక్క మరిచిపోకు. ఒక చక్రం కదలకుండా పట్టి రెండోది సరిగ్గా రెండు చుట్లు తిప్పు, ఇరుసు ముక్కులో ఉండే చిన్న గేరు, అదే పినియన్, ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. నీది పెద్ద గేరుకి 41 పళ్ళు, పినియనుకి 9 అనుకో, నాలుగున్నర. కొత్తది 43కి 8 అయితే అయిదు పైన. ఘాటీ బాగా ఎక్కుతుంది, కానీ విజయనగరం రోడ్డు మీద 60లో పోతుంటే ఇంజను 70లో పోతున్నట్టు ఏడుస్తుంది, డీజిలు తాగుతుంది. స్పీడు ముల్లు గేర్‌బాక్సు నుంచే తిరిగితే అదీ ఎక్కువ చూపిస్తుంది.

కమాను సీట్లు వెల్డింగు పెట్టేటప్పుడు ఒకే సారి లాగించెయ్యనివ్వకు, హౌసింగ్ వంకర పోతుంది. ఈ పక్క అంగుళం, ఆ పక్క అంగుళం, చల్లారనిచ్చి మళ్ళీ. ముందు టాకా వేసి, పినియన్ ముక్కు గేర్‌బాక్సు షాఫ్టుకి సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఆ రెండిటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు గుయ్‌మంటూ జాయింట్లు తినేస్తుంది.

హబ్ బిగించడం మాత్రం ఎవరికీ ఒగ్గకు. హబ్ చేత్తో తిప్పుతూ లోపలి నట్టు బిగించు, బరువెక్కిందనిపించగానే కొంచెం వెనక్కి తియ్యి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలియకూడదు, తిప్పితే మాత్రం తేలిగ్గా తిరగాలి. తర్వాత లాక్ వాషరు, పై నట్టు, వాషరు రెక్క మడత. పై నట్టు బిగిస్తే లోపలిది కాస్త కదులుతుంది, మళ్ళీ ఊపి చూడు. షాఫ్టు బోల్టుల కింద చీలిక ఉన్న కోను బుష్షులుంటే ఒక్కటీ వదిలెయ్యకు, అవి లేకపోతే స్టడ్లు తెగుతాయి. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించు, హబ్ మీద చెయ్యి పెట్టి చూడు. చెయ్యి ఉంచలేనంత వేడైతే అక్కడే ఆపు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. ఆ ముక్క గోనెలో చుట్టి పెట్టు. దాన్ని చూశాకే సాలూరు వెళ్ళాలో, ఇక్కడే కొత్త షాఫ్టు వేసుకోవాలో తేలుద్దాం.

మీ మామయ్య
సెమిలిగుడ