బలవంతం ఎవరి మీద?

ప్రశ్న: అమెరికాలో మా మనవడు బేస్‌బాల్ ఆడుతున్నాడు. ఆ ఆట నియమాలను మా ఊరి పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. ‘ఫోర్స్ ఔట్’ను ‘బలవంతపు ఔటు’ అనీ, ‘అప్పీలు’ను ‘విజ్ఞప్తి’ అనీ రాయవచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: రెండూ వద్దండి. ‘బలవంతపు ఔటు’ అనగానే అంపైరు అన్యాయంగా ఔటిచ్చాడనే మన చెవికి వినిపిస్తుంది. బలవంతపు పెళ్ళి, బలవంతపు మాఘస్నానం – ఆ విశేషణం ఏ పని ముందు నిలిస్తే ఆ పనే ఇష్టం లేకుండా జరిగినట్టు. బేస్‌బాల్‌లో బలవంతం ఔటు మీద లేదు, పరిగెత్తడం మీద ఉంది. ‘తప్పనిసరి ఔటు’ అన్నా ఇదే చిక్కు. ఎల్బీడబ్ల్యూను మింగిన భాషకు ఫోర్స్ ఔట్ ఒక లెక్కా? అలాగే ఉంచి, విడమరచి చెప్పండి.

పిల్లలకు నాలుగు స్తంభాలాట గుర్తుచేయండి. ఒక స్తంభం దగ్గర ఇద్దరికి చోటుండదు. బేసు, అంటే రన్నరు తొక్కి నిలిచే గుర్తు, దగ్గరా అంతే. బంతి కొట్టినవాడు మొదటి బేసుకు పరిగెత్తాలి కాబట్టి, అక్కడున్నవాడు ఖాళీ చేసి రెండో బేసుకు పోక తప్పదు. వాడు చేరేలోపు బంతి చేతిలో ఉన్న ఫీల్డరు ఆ బేసును తొక్కితే చాలు, మనిషిని ముట్టుకోనక్కర్లేదు. కొట్టినవాడే ముందు ఔటైపోతే వెనక నుంచి తరిమేవాడు లేడు. అప్పుడు ముందున్నవాణ్ణి బంతితో ముట్టుకోవాల్సిందే. దీన్ని ‘నిర్బంధం తీరిపోయింది’ అనండి, సరిపోతుంది.

‘అప్పీలు’ మనకు కోర్టు మాటగా అలవాటు. కింది కోర్టులో ఓడినవాడు హైకోర్టుకు అప్పీలుకు వెళ్తాడు, అంటే తీర్పు వచ్చాక. ఆటలో అప్పీలు తీర్పు రాకముందే. దాళ్వా కోతలయ్యాక చేలల్లో క్రికెట్ ఆడే మన కుర్రాళ్ళకు ఇది కొత్త కాదు: ఎవరూ అడక్కపోతే అంపైరు ఔటివ్వకూడదని క్రికెట్‌లో 31వ నిబంధన. బేస్‌బాల్‌లో అన్ని ఔట్లకూ ఈ పద్ధతి లేదు. రన్నరు బేసు తొక్కకుండా దాటిపోయినా, క్యాచ్ పట్టకముందే బేసు వదిలేసినా అడగాలి. అంపైరు కళ్ళారా చూసినా తనంతట నోరు విప్పడు. తర్వాతి బంతి విసిరేలోపు అడగకపోతే ఆ అవకాశం పోయినట్టే. అడగందే అమ్మయినా పెట్టదు కదా! ‘విజ్ఞప్తి’లో దయచూడమన్న ధ్వని ఉంది. ఇక్కడ దయతో పనిలేదు. ‘అప్పీలు చేశారు’ అని రాయండి, ‘అప్పీలుకు వెళ్ళారు’ అని మాత్రం రాయకండి.

ఎక్కువమంది తడబడేది ఈ రెండూ కలిసేచోట. క్యాచ్ పట్టకముందే బేసు వదిలినవాడు వెనక్కి వచ్చేలోపు ఫీల్డరు ఆ బేసును తొక్కి అప్పీలు చేస్తాడు. మనిషిని ముట్టుకోలేదు కాబట్టి ఇదీ ఫోర్స్ ఔటే అనుకుంటారు. కాదు. కొట్టినవాడు క్యాచ్‌తోనే ఔటయ్యాడు, ఇక తరిమేదెవరు? ఈ తేడా పరుగుల లెక్కనే మార్చేస్తుంది. జట్టు వంతును ముగించే మూడో ఔటు ఫోర్స్ ఔటైతే ఆ దెబ్బకు వచ్చిన పరుగు చెల్లదు. ఇలాంటి అప్పీలు ఔటైతే, అంతకుముందే హోమ్ ప్లేటు (బేసులన్నీ చుట్టివచ్చి చివర తొక్కే చోటు, అక్కడే పరుగు వస్తుంది) తొక్కినవాడి పరుగు నిలుస్తుంది.

1908 సెప్టెంబరు 23న న్యూయార్క్‌లో ఇదే రభస. స్కోరు 1-1, చివరి ఇన్నింగ్స్, రెండు ఔట్లయ్యాయి. న్యూయార్క్ జట్టు జెయింట్స్ ఆటగాడు కొట్టిన దెబ్బకు మూడో బేసు మీదున్నవాడు హోమ్‌కు చేరాడు. గెలిచేశామని జనం మైదానంలోకి దూకారు. మొదటి బేసు నుంచి బయల్దేరిన ఫ్రెడ్ మెర్కిల్ రెండో బేసు తొక్కకుండానే వెనుదిరిగాడు. ఎదుటి జట్టు కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి తెప్పించుకుని ఆ బేసును తొక్కి, ఔటివ్వమని పట్టుబట్టాడు. అంపైరు హ్యాంక్ ఓడే పరుగు చెల్లదన్నాడు. ఎవర్స్ అడిగాడు నిజమే గానీ, అక్కడ పనిచేసింది ఫోర్స్ నిబంధనే. రెండో బేసు తొక్కాల్సిన నిర్బంధం మెర్కిల్‌కు ఇంకా తీరలేదు. మ్యాచ్ టై అయింది. అక్టోబరులో మళ్ళీ ఆడితే కబ్స్ గెలిచారు.

అన్నట్టు, బేసును ‘స్థావరం’ అని రాసి ఉంటే అదీ కొట్టేయండి. పేపర్లలో ఆ మాట ఉగ్రవాదుల వార్తలకు అతుక్కుపోయింది.