వారానికి ఎనిమిది రోజులున్న ఊరు

చిరంజీవికి,

నీ కథ అందింది. వాక్యం నీకు చేతనైంది, ఆ విషయంలో నీకు టెన్షన్ అక్కర్లేదు. నేను ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం వేరే. మూడో పేజీకి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది.

'బెత్లహేం దగ్గర ఒక అరబ్ గ్రామం' అని మొదలుపెట్టావు. ఆ వెంటనే ఇసుక దిబ్బలు, ఒంటెలు, ఖర్జూర చెట్లు. ఆ ఇసుకలో ఒక ముసలాయన తాళంచెవి పట్టుకుని ఏడుస్తుంటాడు. ఊరికి పేరు లేదు. ఎందుకు లేదంటే, 'ఏ ఊరైనా బాధ ఒకటే కదా సార్' అని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. ఒకటి కాదమ్మా. బెత్లహేం ఏడు వందల మీటర్లు దాటిన ఎత్తులో, కొండల మీద ఉంది. చలికాలం అక్కడ వానలు పడతాయి, కొన్నేళ్లు మంచు కురుస్తుంది. మీ బాబాయి కువైట్‌లో పనిచేశాడన్నావు. జగిత్యాలలో, కడపలో, కోనసీమలో చాలా ఇళ్లకు అరబ్బు దేశమంటే గల్ఫే. ఆ గల్ఫ్ ఇసుకను తెచ్చి పాలస్తీనా కొండ మీద పోశావు.

ఏ ఊరి గురించి రాసినా ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఎవరి పొలానికి ముందు పారతాయో తెలుసుకోవాలి. నేను ఇన్నేళ్లుగా ఈ మాట చెబుతూనే ఉన్నాను. మనుషుల మధ్య తగాదా, పొత్తు, పెళ్లి, పగ అన్నీ ఆ దారిలోనే దొరుకుతాయి.

నీ కథ జరగాల్సిన చోట నిజంగా ఒక ఊరుంది. బత్తీర్. బెత్లహేంకు పడమరగా కొన్ని కిలోమీటర్ల దూరంలో, లోయకు ఒరిగిన వాలు మీద ఉంటుంది. వాలంతా మెట్లు మెట్లుగా చెక్కిన మడులు. సున్నం, మట్టి ఏదీ పెట్టకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు ఆ మట్టిని జారిపోకుండా పట్టుకుని ఉంటాయి. ఆలివ్, ద్రాక్ష, కూరగాయలు పండిస్తారు. బత్తీర్ వంకాయకు ఆ ప్రాంతమంతా పేరుంది. ఊరి మధ్యలో ఊట. ఆ నీళ్లు రోమన్ల కాలం నాటి కొలనులోకి చేరి, అక్కణ్ణుంచి కాలవల్లో మడులకు దిగుతాయి. ఊళ్లో ఎనిమిది పెద్ద వంశాలున్నాయి. ఒక్కో వంశానికి ఒక రోజు నీళ్లు. అందుకే బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులని చెబుతారు. కొలనులో కర్ర ముంచి లోతు చూసి, ఆ రోజు వాటాలు పంచుతారు. ఇలాంటి ఊరు ఉండగా నువ్వు పేరులేని ఇసుక రాశావు!

మా ఊళ్లో చెరువు కింద నీరటికాడు చేసిన పని కూడా ఇదే. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, చివరి మడికి నీళ్లు ఎక్కకపోతే ఎవరికి సర్దిచెప్పాలో అతనికి తెలుసు. నా మొదటి కథ అతని మీదే రాశాను. స్కూలు పని ముగించుకుని, రాత్రిళ్లు కిరోసిన్ దీపం దగ్గర కూర్చుని రాసిన కథ. అప్పటి ఒక వారపత్రిక సంపాదకుడు తూము గురించిన రెండు పేజీలూ కొట్టేశాడు. 'ఇది కథా, ఇరిగేషన్ రిపోర్టా?' అని అంచున రాశాడు. అచ్చులో నా నీరటికాడు చింతచెట్టు కింద కూర్చుని ప్రేమ గురించి ఆలోచిస్తున్నాడు. మా నాన్న ఆ పత్రిక చదివి, ఈ మనిషెవరురా అని అడిగాడు. ఆ తర్వాత చాలా కాలం ఎవరికీ ఏమీ పంపలేదు. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు, కానీ ఆ అలవాటు పోలేదు. ఊరి పేరు తీసేస్తే కథ ప్రపంచమంతటికీ చెందుతుందని ఇవాళ వర్క్‌షాపుల్లో నేర్పుతున్నారట. నీ కథలో ఆ పాఠం కనిపించే నాకు ఒళ్లు మండింది.

చరిత్ర కూడా ఆ వాలు మీదే ఉంది. రోమన్ల మీద తిరగబడిన యూదు నాయకుడు బార్ కోఖ్బా క్రీ.శ. 135లో చివరిసారి నిలిచి పోరాడిన బేతార్ కోట ఇదే చోట ఉండేది. ఊట దగ్గర రోమన్ సైన్య దళాల పేర్లు చెక్కిన శాసనం ఉంది. తర్వాత ఒట్టోమన్ల కాలంలో, 1892లో, జాఫా నుంచి జెరూసలేంకు రైలు నడిచింది. పట్టాలు సరిగ్గా ఈ ఊరి కింద లోయలోనే వేశారు. బత్తీర్ ఆడవాళ్లు కూరగాయల బుట్టలతో రైలెక్కి జెరూసలేం బజారుకు వెళ్లేవాళ్లు.

ఆ పట్టాలే తర్వాత ఇజ్రాయెల్‌కూ జోర్డాన్‌కూ మధ్య సరిహద్దు అయ్యాయి. 1948 ఏప్రిల్‌లో జెరూసలేం దగ్గరి డేర్ యాసీన్ అనే ఊళ్లో అరబ్బుల హత్యాకాండ జరిగాక భయంతో బత్తీర్ జనం చాలామంది ఊరు వదిలిపోయారు. హసన్ ముస్తఫా అనే ఆయన కొద్దిమందితో ఉండిపోయాడు. ఖాళీ ఇళ్లలో రాత్రిపూట దీపాలు పెట్టించాడు. కాపలా మనుషుల్లా కనిపించేలా బొమ్మలు నిలబెట్టించాడు. ఇజ్రాయెల్ సైనికులకు ఊరు నిండా జనం ఉన్నట్టు అనిపించాలని. 1949 కాల్పుల విరమణ ఒప్పందంలో రైలుమార్గం ఇజ్రాయెల్ చేతికి వెళ్లింది, ఇళ్లు చాలావరకు జోర్డాన్ వైపు మిగిలాయి. రైలుకు ఏ హానీ చెయ్యకుండా ఉంటే, పట్టాలకు అవతల పడిన తమ పొలాలను బత్తీర్ వాళ్లే సాగుచేసుకోవచ్చని కుదిరింది. ఊరు మళ్లీ నిండింది. 1967 యుద్ధం తర్వాత ఊరంతా ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వచ్చింది.

నీ ముసలాయన్ని ఇక్కడికి తీసుకురా. ఆయన ఉదయం పట్టాలు దాటి సరిహద్దు అవతల ఉన్న తన పొలానికి వెళ్తాడు. సాయంత్రం తిరిగొస్తాడు. పట్టాల మీద ఎవరైనా కుర్రాడు రాయి పెడితే ఊరి పొలాలన్నీ పోతాయని ఆయనకు తెలుసు. ఆ కుర్రాడు తన మనవడే అయితే ఏం చేస్తాడు? ఆయన్ని ఏడిపించాల్సిన పని లేదు.

ఈ మధ్య సంగతి కూడా తెలుసుకో. పాలస్తీనా ఊళ్లను తన వైపు నుంచి వేరుచేస్తూ ఇజ్రాయెల్ కట్టదలచిన గోడ ఈ మడులను చీల్చుకుంటూ పోవాల్సింది. ఊరివాళ్లు కోర్టుకెక్కారు. గోడ వేస్తే ఈ వ్యవసాయం నాశనమవుతుందని ఇజ్రాయెల్ సొంత ప్రకృతి, ఉద్యానవనాల సంస్థే చెప్పింది. 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించి, అదే రోజు ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ పెట్టింది. 2015 జనవరిలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు విచారణ తర్వాత అక్కడ గోడ పని ఆగింది. తన మడులను ఇంత పట్టుగా కాపాడుకున్న ఊరు నీ కథలో ఏడుపుకు నేపథ్యంగా మిగిలితే, ఆ ఊరివాళ్లకు అన్యాయం చేసినట్టే.

నేనూ బత్తీర్ వెళ్లలేదు. మ్యాపులు, యునెస్కో పత్రాలు, ఫొటోలు ముందు పెట్టుకుని చాలా రాత్రులు కూర్చున్నాను. నువ్వూ కూర్చోగలవు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, కలం పేరు గురించి అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఒక పెద్ద కాగితం తీసుకుని ఆ వాలు గియ్యి. ఊట, కొలను, కాలవలు, పట్టాలు, ముసలాయన ఇల్లు, ఆయన పొలం, ఆయన వంశానికి నీళ్లొచ్చే రోజు, అన్నీ అందులో ఉండాలి. ఆ పటం నాకు పోస్టులో పంపు. అది చూశాకే కథ మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు