మొదటి బ్లాకు ఇవ్వబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సోమవారం నుంచి కంటి ఆపరేషన్లకు బ్లాకులు, అంటే కన్ను మొద్దుబార్చే మత్తు మందు, నువ్వే ఇస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. టెన్షన్ పడుతున్నావట. ఆ టెన్షన్ ఉండటమే మంచిదమ్మా.

సూది పట్టుకునే ముందు కన్ను పొడవు కొలిచిన ఏ-స్కాన్ కాగితం చూడు. కన్ను పొడవు మామూలుగా 23 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 26 దాటిందంటే సూది పక్కన పెట్టెయ్. మైనస్ పవర్ బాగా ఉన్న కంటికి వెనక గోడ పలచబడి, ఒక్కోసారి సంచిలా ఉబ్బి ఉంటుంది. అక్కడ సూది దిగితే చూపే పోవచ్చు. అలాంటివాళ్ళకు సబ్-టెనాన్ ఇవ్వు, అంటే సూది లేకుండా తెల్లగుడ్డు మీది పొర కిందికి మందు పంపడం. చుక్కల మందు వేశాక, కింద ముక్కు వైపు, నల్లగుడ్డు అంచుకు 5 నుంచి 7 మిల్లీమీటర్ల దూరంలో పొరలు చిన్నగా కత్తిరించి, మొద్దు కాన్యులాను (సన్న గొట్టాన్ని) తెల్లగుడ్డు వంపు వెంటే వెనక్కి పోనివ్వు. 3, 4 ఎం.ఎల్. మందు సరిపోతుంది. కన్ను ఎర్రబడి ఉబ్బుతుందని పేషెంటుకు ముందే చెప్పు, లేకపోతే ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. నేనైతే ఇప్పుడు చాలా కేసులకు ఇదే ఇస్తున్నాను.

కన్ను చుట్టూ సూదితో ఇచ్చే పెరిబల్బార్ తప్పదనుకుంటే 25 మిల్లీమీటర్లకు మించిన సూది ముట్టుకోకు. మేం నేర్చుకున్నప్పుడు ‘పైకి, ముక్కు వైపు చూడమ్మా’ అని గుచ్చేవాళ్ళం. అలా చూస్తే కంటి నరం సూది దారిలోకి వస్తుంది. నువ్వు మాత్రం నేరుగా ఎదురుగానే చూడమను.

ఒక పెద్దావిడకు రెట్రోబల్బార్, అంటే కన్ను వెనక్కి సూది దించి ఇచ్చే బ్లాకు, ఇచ్చి పక్క టేబుల్ వైపు తిరిగాను. అప్పటిదాకా మనవడి పెళ్ళి సంగతులు చెబుతూనే ఉంది. ‘రెండో కన్ను కూడా మసకేసింది బాబూ’ అంది. ‘ఏం కాదులేమ్మా’ అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధే. కాసేపటికి మాట ఆగిపోయింది, నిద్రపట్టిందనుకున్నాను. నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని చూస్తే గోళ్ళు నీలం. మందు నరం చుట్టూ ఉండే పొరలోంచి మెదడు దాకా పోయింది. అరగంట పైగా ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కితే ఊపిరి తిరిగొచ్చింది. లేచి మంచినీళ్ళు అడిగింది.

అందుకే చెయ్యికి ఐవీ లైన్, వేలికి పల్స్ ఆక్సీమీటర్ లేకుండా ఎవరికీ బ్లాకు ఇవ్వకు. లిస్టు ఎంత పెద్దదైనా సరే, ఇచ్చాక 20 నిమిషాలు అక్కడే ఉండి మాట్లాడిస్తూ ఉండు. బ్లాకు ఇవ్వని కన్ను మసకేసిందన్నా, మాట తడబడినా వెంటనే మాస్కు అందుకో.

సోమవారం లిస్టు అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న