ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు రోజూ ఒకే హోటల్లో టిఫిన్ చేస్తే ఫర్వాలేదా?

ఫర్వాలేదు, పైగా మంచిదే అంటాను. అమ్మగారు పోయాక మీ నాన్నగారు రోజూ ఒకే హోటల్‌కి వెళ్తున్నారని, రేపు ఆయనకేమైనా అయితే అక్కడివాళ్లకేం పడుతుందని అడిగారు కదా. మా పెదనాన్న విషయంలో నాకూ ఇదే టెన్షన్ ఉండేది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెదనాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి 2003లో రిటైరయ్యారు. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. 2015లో పెద్దమ్మ పోయింది. అక్క డల్లాస్‌లో, నేను విజయవాడలో. మధ్యాహ్నం భోజనానికి, రాత్రికి వంటావిడ ఉంది గానీ పొద్దున్నే ఏడింటికల్లా వచ్చేవాళ్లు దొరకలేదు. అలా రెండు లైన్ల అవతల ఉన్న చిన్న టిఫిన్ హోటల్ అలవాటైంది. మొదటి వాయిలో రెండు ఇడ్లీలు, కొంచెం నెయ్యి, పంచదార లేని కాఫీ, లేచేటప్పుడు ప్లేటు పక్కన రెండు రూపాయల బిళ్ల. రోజూ ఇదే. కట్టుడు పళ్లు కాబట్టి సాంబారు విడిగా కాకుండా ఇడ్లీల మీదే పోసి, అవి నానాక తెచ్చేవాడు సర్వర్ కుర్రాడు. ఆయన అడగలేదు, ఒకరోజు ఇబ్బంది పడుతుంటే చూసి వాడే మొదలుపెట్టాడు.

2016 నవంబరులో నోట్ల రద్దు వచ్చింది. బ్యాంకు ముందు గంటలు గంటలు నిలబడినా చేతికొచ్చేది రెండు వేల నోటు, ఇడ్లీకి దాన్నిస్తే చిల్లర ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉన్నప్పుడే ఇవ్వండి మాస్టారూ అన్నాడట ఓనరు. అప్పు తినే మనిషి కాదు పెదనాన్న, మర్నాటి నుంచి వెళ్లడం మానేశారు. మూడో రోజు ఓనరే ఇంటికొచ్చి, "మీ పేరు మీద ఖాతా రాస్తాను, రోజూ మీరే చూసుకుని సంతకం పెట్టండి" అన్నాడు. నలభై పేజీల చిన్న నోటుబుక్కు కొని మరీ తెచ్చాడు. ఊరికే పెడతామంటే జన్మలో వెళ్లేవారు కాదు. ఆ పుస్తకం నేను చూశాను, తేదీ, మొత్తం, పక్కన ఆయన ఇంకు పెన్నుతో పొందిగ్గా పెట్టిన సంతకం. చిల్లర దొరికిన రోజున పైసలతో సహా కట్టి, అడ్డంగా గీత కొట్టించుకుని వచ్చారు.

అసలు చెప్పాల్సింది ఆ తర్వాత జరిగింది. 2017 జనవరిలో ఒక ఆదివారం నేనూ ఆయనతో వెళ్లాను. ఆయనకి షుగరు ఉంది, ఆరున్నరకి ఇన్సులిన్ వేసుకుని ఏడింటికి తింటారు. ఆ రోజు జనం ఎక్కువ, ఇడ్లీ వాయి ఆలస్యమైంది, నేనేమో పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఎక్కడో నాలుగు టేబుళ్ల అవతల సప్లై చేస్తున్న ఆ సర్వర్ కుర్రాడు చేతిలో ప్లేట్లు అక్కడే పెట్టేసి వచ్చాడు. శ్రీకాకుళం వైపు వాడు, "ఏటండీ మాస్టారూ, అలగున్నారు?" అన్నాడు. అప్పుడు తలెత్తి చూశాను. అంత చలిలో పెదనాన్న చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి జవాబు లేదు. వాడు పరుగున వెళ్లి టీ కౌంటర్ నుంచి స్టీలు గ్లాసులో నీళ్లు, మూడు నాలుగు చెంచాల పంచదార కలిపి తెచ్చి, తల వెనక చెయ్యి పెట్టి కొంచెం కొంచెంగా తాగించాడు. పది పదిహేను నిమిషాలకి మనిషి తేరుకున్నారు. తర్వాత ఇడ్లీ తినిపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, షుగరు పడిపోవడం వల్లేనని, ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదని చెప్పారు. స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు పట్టించాలి, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ నాన్నగారికి షుగరు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

నీకెలా తెలిసిందిరా అని సాయంత్రం వెళ్లి అడిగాను. వాళ్లమ్మకి కూడా షుగరేనట, ఇన్సులిన్ మీదే ఉందట. "కానీ ముందు అనుమానం వచ్చింది అందుకు కాదండీ, మాస్టారు ఇంకా తినకుండానే బిళ్ల తీసి టేబుల్ మీద పెట్టేశారు" అన్నాడు. పక్కనే కూర్చున్న నాకు కనబడలేదు ఆ బిళ్ల. జేబులోంచి ఐదొందలు తీసి ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, మాస్టారు రోజూ ఇస్తున్నారు కదండీ అని.

ఆ రోజు నుంచి ఆయనకి ఆలస్యమన్నదే లేదు. ఎంత రద్దీ ఉన్నా, పార్శిళ్లకి ఎంతమంది నిలబడ్డా, వాయి దిగగానే మొదటి ప్లేటు ఆయనదే. ఏడుంపావు దాటినా రాకపోతే నాకు ఫోన్. మొదట్లో ఆ ఫోన్ వస్తే గుండె గుభేలుమనేది. ఎక్కువసార్లు కారణం ఏ తద్దినమో, రథసప్తమో అయ్యేది, ఇంట్లోనే తినేసి వాళ్లకి చెప్పడం మర్చిపోయేవారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హోటల్ మూసేశారు, అరవై ఐదు దాటినవాళ్లు గడప దాటొద్దన్నారు, ఈయనకి అప్పటికి డెబ్భై ఐదు. వంటావిడ కూడా రావడం మానేసింది. నాకు విజయవాడ నుంచి వెళ్లే దారి లేదు. ఊరికి పోలేక హోటల్ మేడ మీద గదిలో చిక్కుకుపోయిన ఆ కుర్రాడు, ఇంకో ఇద్దరు పనివాళ్లు తమకోసం వండుకున్నదాంట్లోంచి రెండు పూటలా క్యారియర్ కట్టి, గేటుకి తగిలించి, బెల్లు కొట్టి, రోడ్డుకి అటుపక్క నిలబడేవాళ్లట. పెదనాన్న బయటికొచ్చి తీసుకున్నదాకా కదిలేవాళ్లు కాదు. పచ్చళ్లు తప్ప ఏమీ లేవని ఒకరోజు బాధపడ్డారని ఆయన ఫోన్లో చెప్తుంటే ఇక్కడ నాకు ఏడుపొచ్చింది. జూన్ 8 తర్వాత హోటళ్లు తెరవొచ్చన్నా, నేను వద్దన్నానని ఇంకా చాలా నెలలు క్యారియరే నడిచింది, ఈసారి డబ్బు తీసుకున్నారు, ఆయన ఊరుకోరు కాబట్టి.

అందరూ ఇలా ఉంటారని నేను చెప్పలేను. కానీ అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ వాళ్లకి మీ నాన్నగారు ఈరోజు బయటికొచ్చారో లేదో తెలియకపోవచ్చు, రోజూ ఆయనకి ప్లేటు పెట్టేవాడికి తెలుస్తుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆయనతో పాటు మీరూ ఆ హోటల్‌కి వెళ్లండి. ఓనరుతోనే కాదు, ఆయనకి రోజూ వడ్డించే మనిషితో మాట్లాడండి, ఆయనకున్న జబ్బేంటో, వేసుకునే మందులేంటో చెప్పండి, మీ నంబరు ఇవ్వండి. మా వాళ్లు నాది కౌంటర్ పక్కన క్యాలెండర్ మీద రాసుకున్నారు, ప్రతి జనవరిలో కొత్త క్యాలెండర్ రాగానే ఆ కుర్రాడే మళ్లీ దానిమీదికి ఎక్కిస్తాడు.