‘తెలియదు’ అనేవాడు నాస్తికుడా?

సందేహం: దేవుడు ఉన్నాడో లేడో తనకు తెలియదనే వ్యక్తిని నాస్తికుడు అనవచ్చా? నిరీశ్వరవాది, అజ్ఞేయవాది అనేవి దానికి పర్యాయపదాలేనా?

సమాధానం: అనకూడదు, అవి పర్యాయపదాలూ కావు. ‘అస్తి’ అంటే ఉంది, ‘నాస్తి’ అంటే లేదు. ఉన్నదేమిటో, లేనిదేమిటో ఆ మాటలు చెప్పవు. ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ (4.4.60) అనే సూత్రంతో ఆస్తిక, నాస్తిక శబ్దాలను సాధించిన సంస్కృత వ్యాకరణకర్త పాణిని కూడా ఆ ఖాళీని పూరించలేదు. పరలోకం ఉందని తలచేవాడు ఆస్తికుడని పాణిని సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికావృత్తి వివరించింది; వేదనిందకుడు నాస్తికుడని మనుస్మృతి అన్నది. సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి అంగీకరించని పూర్వమీమాంసకులు (వేదం చెప్పిన కర్మలకే ప్రాధాన్యమిచ్చే దార్శనికులు), వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నందువల్ల, ఆస్తికుల పంక్తిలోనే నిలిచారు. వారిని నిరీశ్వరవాదులనవచ్చు గాని, ఆ పాత అర్థంలో నాస్తికులనడం కుదరదు. నేటి తెలుగులో మాత్రం నాస్తికుడంటే దేవుడు లేడనేవాడే. రూఢి అయిన ఆ అర్థాన్ని శాస్త్రం చూపి తప్పుపట్టడం వృథాప్రయాస.

మీరు చెప్పిన వ్యక్తి ‘లేడు’ అనలేదు, ‘తెలియదు’ అన్నాడు. 1869లో బ్రిటిష్ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఇంగ్లీషులో కల్పించిన ‘అగ్నాస్టిక్’ అనే మాటకు సమానార్థకంగా మనం ‘అజ్ఞేయవాది’ అని వాడుతున్నాం. అయితే అజ్ఞాతం వేరు, అజ్ఞేయం వేరు: మొదటిది ఇంకా తెలియనిది, రెండోది తెలుసుకోవడానికే వీలుకానిది. ఆ సంగతి ఎవరికీ తెలిసే వీలు లేదనేవాడు అజ్ఞేయవాది; తనకింకా తేలలేదనేవాడు సంశయవాది. (సంశయాత్ముడు అనకండి, ‘సంశయాత్మా వినశ్యతి’ అని గీత ఆ మాటకు వినాశాన్ని ముడిపెట్టింది.)

సంశయించినంత మాత్రాన నమ్మకం లేదని కూడా చెప్పలేము. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని శంకించిన పోతన గజేంద్రుడే ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ అని మొరపెట్టుకున్నాడు. ‘దేవుడున్నాడని నమ్ముతాను’, ‘దేవుణ్ణి నమ్ముతాను’ అనే వాక్యాలకు తేడా ఇక్కడే ఉంది. మొదటిది ఉనికిని గురించిన అభిప్రాయం. రెండోదానిలో ఆశ్రయించడం, భారం వేయడం ఉన్నాయి. ‘వాణ్ణి నమ్మను’ అంటే వాడు లేడని అర్థం కాదు కదా! కాబట్టి మీరు చెప్పిన వ్యక్తిని గురించి రాసేటప్పుడు ‘దేవుణ్ణి నమ్మడు’ అనే ముందు అతడు దేవుడి మీద భారం వేస్తాడో లేదో అడిగి చూడండి. అడిగే వీలు లేకపోతే ‘దేవుడి సంగతి తేల్చుకోనివాడు’ అనడం క్షేమం.