కీళ్ల నొప్పులన్నిటికీ ఒకే మందు ఎందుకు ఇవ్వరు?

"కీళ్లవాతమైనా, గౌటైనా, మోకాళ్ల అరుగుదలైనా వాపు, నొప్పే కదా, ఒకే మందు ఇస్తే పోదా?" అని ఒకరు అడిగారు. పోదు. ఈ మాట మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది.

మేం హన్మకొండలో ఉంటాం. అమ్మకు కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. మేడారం జాతర నుంచి వచ్చిన రాత్రి మా మేనమామకు కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేంత నొప్పి లేచింది. జాతరలో మటన్, బీర్లు బాగానే నడిచాయి మరి. అమ్మ జాలిపడి తన గోలీల డబ్బా తెచ్చి "నాకూ కీళ్లే, నీకూ కీళ్లే, ఇది ఏస్కో తమ్మీ" అని ఒక చిన్న పసుపు గోలీ ఆయన చేతిలో పెట్టింది. నేను గుంజుకున్నాను. అది మెథోట్రెక్సేట్, అమ్మ కీళ్లవాతానికి రాసిన మందు, వారానికి ఒక్కసారే వేసుకోవాలి. తెలియక రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పైగా మామ నొప్పికి అది పనికే రాదు.

మామది గౌట్, ఆయన కీలులో పేరుకున్నవి యూరిక్ ఆసిడ్ స్ఫటికాలు. వాటిని మింగిన రోగనిరోధక కణాలు ఐఎల్-1 బీటా అనే ప్రొటీన్ వదులుతాయి, రాత్రికి రాత్రే మంట లేచేది దానివల్లే. అమ్మ సంగతి వేరు, ఆమె కీళ్ల పొరలో టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే వేరే వాపు ప్రొటీన్లు ఏళ్ల తరబడి ఊరుతూనే ఉన్నాయి. పొద్దున నల్లా తిప్పలేదు, వేడినీళ్లలో వేళ్లు ముంచుకుని కూర్చుంటేగానీ పిడికిలి మూసుకోదు. ఐఎల్-6 చెబితేనే కాలేయం సీఆర్పీని (ఒంట్లో వాపు ఉందని రక్తపరీక్షలో చూపే ప్రొటీన్) ఎక్కువ చేస్తుంది, డాక్టర్లు మాటిమాటికీ ఆ పరీక్ష రాసేది అందుకే. లండన్‌లో ఫెల్డ్‌మాన్, మైనీ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే అమ్మలాంటి రోగులు తేరుకున్నారు. అదే తరహా మందులు కీళ్ల అరుగుదలకు వాడి చూస్తే చెప్పుకోదగ్గ గుణం రాలేదు. వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కు టీఎన్‌ఎఫ్‌ను గానీ, ఐఎల్-17 అనే మరో వాపు ప్రొటీన్‌ను గానీ అడ్డుకునే మందులు పనిచేస్తాయి, కానీ ఐఎల్-6ను ఆపితే లాభం లేదు.

ఇంత తేడా ఉంటే, మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఏ కీలు నొప్పికైనా ఒకటే సూది! అది స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పరు. ఈ ప్రొటీన్లన్నిటినీ కొన్నాళ్లు అణుస్తుంది కాబట్టి "ఆయన చెయ్యి మంచిది" అని జనం మళ్లీ అక్కడికే పోతారు. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, లోపల కీలు అరిగిపోతూనే ఉంటుంది. అమ్మ వేళ్లు వంకర తిరిగింది ఆ సూదుల కాలంలోనే, మన దగ్గర చాలామంది ఆడవాళ్ల చేతులు అట్లాగే పాడయ్యాయని నా గట్టి నమ్మకం. బస్టాండ్ల దగ్గర అమ్మే పేరులేని పొడులూ అంతే.

పొద్దున బిగుతు అరగంట దాటినా, చేతి వేళ్ల చిన్న కీళ్లు రెండు వైపులా వాచినా నేరుగా రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) దగ్గరికి తీసుకుపోండి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ రాస్తే ముందు టీబీ పరీక్ష చేయించమని మీరే అడగండి. లోపల నిద్రపోతున్న టీబీని కట్టడి చేసేదీ ఆ టీఎన్‌ఎఫే, దాన్ని ఆపితే టీబీ పైకి లేస్తుంది.