ఫిట్‌నెస్ టెక్ కంపెనీలో ఉద్యోగం: సిబ్బంది సంఖ్యను నమ్మొచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ఫిట్‌నెస్ టెక్నాలజీ కంపెనీలో చేరాలని ఉంది. వేలమంది పనిచేసే కంపెనీ అయితే ఉద్యోగానికి ఢోకా ఉండదని నాన్న అంటున్నారు. నిజమేనా?

జవాబు: నాన్నగారి మాట చాలా రంగాల్లో చెల్లుతుంది గానీ ఇక్కడ అంతగా చెల్లదు. అమెరికా కంపెనీ పెలోటాన్‌నే చూడండి. కోవిడ్ రోజుల్లో జిమ్‌లు మూతపడి, అది అమ్మే, ఇంట్లో తొక్కే వ్యాయామ సైకిళ్లకు గిరాకీ విపరీతంగా పెరిగింది. కంపెనీ దానికి తగ్గట్టే మనుషుల్ని తీసుకుంది, ఒహాయోలో సొంత ఫ్యాక్టరీ కడతామని కూడా ప్రకటించింది. జిమ్‌లు తెరుచుకున్నాక గిరాకీ పడిపోయింది. 2022 ఫిబ్రవరిలో దాదాపు 2,800 ఉద్యోగాలు తీసేసింది, ఫ్యాక్టరీ ఆలోచనా మానుకుంది. అదే ఏడాది ఆగస్టులో మరో 780 దాకా, అక్టోబరులో సుమారు 500 పోయాయి. ఈలోగా తయారీని తైవాన్‌కు చెందిన రెక్సాన్‌కు అప్పగించింది.

ఫిబ్రవరి కోతలో వీడియో క్లాసులు చెప్పే ఇన్‌స్ట్రక్టర్ల జోలికి మాత్రం పోలేదు. సభ్యులు నెలనెలా డబ్బు కట్టేది ఆ క్లాసుల కోసమే మరి! ఆ ఏడాది మధ్యకల్లా సభ్యత్వాల ఆదాయం యంత్రాల అమ్మకాలను దాటింది కూడా. అందుకే ఎంతమంది ఉన్నారన్నదానికంటే ఏ పనిలో ఎంతమంది ఉన్నారన్నది ముందు చూడమంటాను.

రెండు కంపెనీల మొత్తం సిబ్బంది సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చినా పొరపాటే. స్పోర్ట్స్ వాచీలు చేసే గార్మిన్‌కు తైవాన్‌లో సొంత ఫ్యాక్టరీలున్నాయి, దాని లెక్కలో ఆ కార్మికులూ ఉంటారు. తయారీ బయటికిచ్చిన కంపెనీ లెక్కలో ఉండరు.

అమెరికా స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే దాని వార్షిక నివేదిక (చాలావాటికి దాని పేరు 10-కె) ఉచితంగా దొరుకుతుంది. అందులో సిబ్బంది గురించి చెప్పే 'హ్యూమన్ క్యాపిటల్' భాగం చదవండి. కొన్ని కంపెనీలు దేశాలవారీగా, విభాగాలవారీగా చెబుతాయి, కొన్ని మొత్తంతో సరిపెడతాయి. లింక్డ్‌ఇన్‌లో కనిపించే సంఖ్యను పట్టించుకోకండి. మానేసినా ప్రొఫైల్ మార్చనివాళ్లు అందులో బోలెడుమంది.

మీ చదువుకు దగ్గరి పనులు సెన్సర్లు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), సిగ్నల్ ప్రాసెసింగ్ (సెన్సర్ ఇచ్చే సంకేతాల్లోంచి పనికొచ్చే సమాచారం తీయడం). చెయ్యి ఊగుతున్నప్పుడు మణికట్టు మీది వాచీ గుండె వేగాన్ని తప్పుగా చూపించవచ్చు. ఆ తప్పును తగ్గించడం ఇప్పటికీ కష్టమైన పనే, దాని మీద చిన్న ప్రాజెక్టు ఒకటి చేయండి. ఇంటర్వ్యూలో ఫర్మ్‌వేర్ టీం ఏ ఊళ్లో ఉంది, ప్రొడక్టు విడుదలయ్యాక ఆ టీం ఏం చేస్తుంది అని మొహమాటం లేకుండా అడగండి.